సకారాలు మింగేసిన సౌండ్ కార్డు

మా ఇంటికి మొదటిసారి వచ్చినవాళ్లు గుమ్మంలోనే ఆగిపోయేవారు. లోపలి గదిలో ఎవరో తెల్లవాడు ఊపిరి తీసుకోకుండా ఇంగ్లిషులో గడగడా మాట్లాడుతున్నట్టు వినిపించేది. "మా పెద్దాడి కంప్యూటరండీ, రండి, కూర్చోండి" అని అమ్మ నవ్వుతూ లోపలికి పిలిచేది. అది మాట్లాడే వేగానికి నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అన్నయ్యకి మాత్రం అది ఇంకా నత్తలా నడుస్తున్నట్టే ఉండేది.

అన్నయ్యకి చూపు లేదు. పుట్టుకతో లేకపోవడం కాదు. ఇంటర్ చదివేటప్పుడు చీకటిపడితే సైకిల్ తొక్కడం మానేశాడు. తర్వాత పక్కల నుంచి వచ్చే మనుషులు కనపడటం మానేశారు. డిగ్రీ పూర్తయ్యేసరికి ఎదురుగా నిలబడ్డ మనిషి ముఖం కూడా పోయింది. కంటి వెనక పొర ఎండిపోయే జబ్బు అన్నారు, మందు లేదన్నారు. అమ్మ ఆ తర్వాత కూడా చాలాకాలం కనపడిన ఆస్పత్రికల్లా తీసుకెళ్లింది. చివరికి అన్నయ్యే, "ఇంక చాలమ్మా, ఉన్నవాటితో బతుకుతాను" అన్నాడు. ఉన్నవంటే చెవులు.

నాన్న ఎల్‌బీ నగర్ చౌరస్తాలో ఒక ప్రైవేటు బస్సుల ఆఫీసులో పనిచేసేవారు. విజయవాడ, ఏలూరు వైపు వెళ్లే బస్సులకు సీట్లు రాసే పని. మేమూ ఆ వైపు నుంచే వచ్చాం, నేను బడిలో చేరకముందే. కొత్తపేటలో రైతుబజార్ వెనక వీధిలో, రెండో అంతస్తులో అద్దెకుండేవాళ్లం. పొద్దున్నే కూరగాయలవాళ్ల కేకలు, పగలంతా షేర్ ఆటోల హారన్లు. చూపుపోయినా ఆ చప్పుళ్లతోనే టైమెంతయిందో చెప్పేవాడు అన్నయ్య.

అంధులకు కంప్యూటర్ నేర్పేచోట కొన్ని నెలలు నేర్చుకుని, అతను మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్‌లో పడ్డాడు. అమెరికాలో డాక్టర్లు రోగిని చూసి, ఆ రోగి సంగతంతా రికార్డర్‌లో చెప్పేస్తారు. ఆ మాటలు ఇక్కడికి వస్తే ఇక్కడివాళ్లు విని టైపు చేస్తారు. అప్పట్లో దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ పని నేర్పే కోచింగ్ సెంటర్లు, చేయించే ఆఫీసులు సందుకొకటి ఉండేవి. చూపున్నవాళ్లు డాక్టర్ మాట వింటూ తెర మీద తమ టైపింగ్ చూసుకుంటారు. అన్నయ్యకి రెండూ వినాల్సిందే. ఎడమ చెవిలో డాక్టర్, కుడి చెవిలో తాను టైపు చేసింది చదివి వినిపించే కంప్యూటర్ గొంతు. రెండు చెవుల్లో ఇద్దరు మాట్లాడుతుంటే మధ్యలో కూర్చుని వేళ్లు కదిలించేవాడు. పక్కన కూర్చుని చూస్తే నాకు భయమూ గర్వమూ రెండూ కలిగేవి.

ఆ కంప్యూటర్ కంపెనీది కాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో బస్టాండు దాటాక ఒక సందులో, మెట్లెక్కి వెళ్తే వచ్చే చిన్న షాపులో విడి భాగాలు కొని బిగించింది. షాపాయన నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చినవాడు. బల్ల వెనక గోడకి సిలువ బొమ్మ, దాని కింద ఎప్పుడూ వేడిగా ఉండే సోల్డరింగ్ ఐరన్. నేను అన్నయ్యని మొదటిసారి తీసుకెళ్లినప్పుడు ఆయన నాతోనే మాట్లాడాడు, గుడ్డివాడికి కంప్యూటర్ దేనికన్న అనుమానంతో. అన్నయ్య తనకి శబ్దం కోసం విడిగా సౌండ్ కార్డు కావాలని చెప్పాక మాత్రం కుర్చీ జరుపుకుని ఎదురుగా కూర్చున్నాడు.

"మదర్‌బోర్డుల సౌండు ఒస్తది గదా తమ్మీ. వేరే కార్డెందుకు?" అన్నాడు.

"బోర్డులో ఉండే చిప్పు పాటలకి సరిపోతుందన్నా. రెండు మాటలు ఒకేసారి వస్తే తడబడుతుంది. ఒక అక్షరం కొట్టాక గొంతు రావడానికి ఒక్క చిటికె ఆలస్యమైనా నాకు పని సాగదు."

షాపాయన రెండ్రోజులు వెతికి, ఏదో ఆఫీసు పాత కంప్యూటర్లు అమ్మేస్తే వాటిలోంచి ఒక కార్డు తెచ్చాడు. అప్పటికే పాతది. దాని మధ్యలో నల్లటి చదరపు చిప్పు. శబ్దాలు కలపడం, పంపడం అన్నీ అదొక్కటే చూసుకునేది, మిగతా కంప్యూటర్ మీద భారం వేసేది కాదు. అన్నయ్య ఆ కార్డుని చేతుల్లోకి తీసుకుని, అంచులు పట్టుకుని, బొటనవేలితో ఆ చిప్పుని తడిమాడు. బిగించాక హెడ్‌ఫోన్ పెట్టుకుని నాలుగు అక్షరాలు కొట్టాడు. అతని ముఖం వెలిగిపోయింది. చూపు పోయాక అతన్ని అలా చూడటం అదే మొదటిసారి.

కొన్నేళ్లు బాగానే గడిచాయి. అన్నయ్య ఫైళ్లలో తప్పులు ఉండవని ఆఫీసువాళ్లు మాట పట్టుకోవడం కష్టమైన డాక్టర్లని అతనికే ఇచ్చేవారు. నేను డిగ్రీ పూర్తిచేసి ఎల్‌బీ నగర్‌లో ఒక స్కూల్లో టీచరుగా చేరాను. నెలకోసారైనా అన్నయ్యని తీసుకుని ఆ షాపుకి వెళ్లేదాన్ని. పనేమీ లేకపోయినా వెళ్లేవాళ్లం. షాపాయన టీ తెప్పించేవాడు.

అప్పటికి తెలంగాణ ఉద్యమం ఊపందుకుంది. చౌరస్తాలో టెంట్లు వెలిశాయి. షాపాయన మధ్యాహ్నాలు షాపు మూసి రిలే దీక్షల్లో కూర్చునేవాడు. మా ఇంట్లో నాన్న టీవీ ముందు నుంచి లేచేవారు కాదు. బస్సులు ఆగిపోతే ఆయనకి పని ఉండేది కాదు. "మనల్ని పొమ్మంటారంటావా?" అని అమ్మని అడిగేవారు. అమ్మ, "ఎక్కడికి పోతామండీ, అక్కడ మనకేం మిగిలింది" అనేది. అన్నయ్య మాత్రం షాపాయనతో సరదాగా వాదించేవాడు.

"రాష్ట్రం వస్తే మాకు కార్డులు అమ్ముతావా అన్నా, లేక వీసా అడుగుతావా?"

"నీకు అమ్మకుండ ఎట్లుంట తమ్మీ? గా కార్డు పెట్టి నిన్ను గీడ్నే కట్టేసిన," అని ఆయన పకపకా నవ్వేవాడు.

ఆ రోజుల్లోనే అన్నయ్య ఫైళ్లు వెనక్కి రావడం మొదలైంది. మొదట చిన్న చిన్న తప్పులు. బహువచనాల చివర ఉండాల్సిన ఎస్ అక్షరం లేదని. తర్వాత ఒకసారి, నడవలేకపోతున్న రోగిని నడవగలుగుతున్నాడని టైపు చేశాడు. ఇంగ్లిషులో ఆ రెండు మాటలకీ తేడా చివరి ట శబ్దమొక్కటే. అది అతనికి వినపడలేదు. ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. అన్నయ్య చాలాసేపు సారీ చెప్పి, ఫోన్ పెట్టేసి నన్ను పిలిచాడు.

"కార్డు పోతోందే. సకారాలు మింగేస్తోంది. స, ష, ఫ, ఏవీ పలకట్లేదు. పాతబడిపోయింది కదా, చిప్పు అరిగిపోయినట్టుంది."

చిప్పులు అరుగుతాయో లేదో నాకేం తెలుసు. కార్డు తీయించుకుని షాపుకి తీసుకెళ్లాను. షాపాయన వేరే కార్డు వేశాడు. వారం తిరగకుండానే అన్నయ్య, "ఇదింకా అధ్వానం" అన్నాడు. మరొకటి, తర్వాత ఇంకొకటి వేశాడు. అవీ అంతే. హెడ్‌ఫోన్ మార్చాం. కంప్యూటర్ గొంతు మార్చుకున్నాడు. రోజంతా విసుక్కుంటూ ఉండేవాడు, అమ్మ మీద అరిచేవాడు. "నువ్వు గోడకి తిరిగి మాట్లాడితే నాకెలా వినపడుతుందమ్మా?" అనేవాడు. అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, అప్పటినుంచి దగ్గరికి వచ్చి గట్టిగా చెప్పడం అలవాటు చేసుకుంది. ఇల్లంతా గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టాం. టీవీ గోల, వీధి గోల, ఆటోల గోల. దానివల్లే అనుకున్నాం.

ఒక బంద్ రోజున నాకు తెలిసింది.

నాలుగు కార్డులు బ్యాగులో వేసుకుని షాపుకి బయల్దేరాం. బంద్ అయినా సగం షట్టర్ ఎత్తి ఉంచుతానని షాపాయన ముందురోజే చెప్పాడు. బస్సుల్లేవు, ఆటోల్లేవు. కొత్తపేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా అంత పెద్ద రోడ్డు ఖాళీగా పడుంది. కాకులు రోడ్డు మధ్యలో దిగి నడుస్తున్నాయి. ఎక్కడో మేడ మీద ఎవరో బట్టలు దులుపుతున్న చప్పుడు కూడా వినిపించేంత నిశ్శబ్దం. నాకు ఆ రోడ్డు మీద నా చెప్పుల చప్పుడు వినపడటం అదే మొదలు.

వెనకనుంచి ఒక సైకిల్ వచ్చింది. పాలవాడనుకుంటా, దూరం నుంచే గంట కొట్టుకుంటూ వస్తున్నాడు. అన్నయ్య రోడ్డు మధ్యకి జరిగి నడుస్తున్నాడు. చిన్న చప్పుడుకే తల తిప్పే మనిషి తిప్పలేదు. గంట ఇంకా దగ్గరైంది. నేను చెయ్యి పట్టి లాగితే ఉలిక్కిపడ్డాడు.

"ఏంటే?"

"సైకిల్ అన్నయ్యా. గంట కొడుతున్నాడు కదా."

"ఎక్కడ కొట్టాడు? కళ్లున్నవాళ్లంతా ఇంతే, గంట కొట్టకుండా మీదికొచ్చేస్తారు," అన్నాడు.

సైకిల్ దాటి వెళ్లిపోతూ కూడా గంట కొడుతూనే ఉంది. నేను అతని చెయ్యి వదలకుండా రోడ్డు పక్కకి నడిపించాను.

కొంచెం ముందుకెళ్తే ఒక టెంటు. డప్పులు కొడుతూ పాట పాడుతున్నారు. అన్నయ్య ఆగాడు. డప్పు దెబ్బకి తగ్గట్టు తల ఊపుతున్నాడు. హమ్మయ్య, వినపడుతోంది అనుకున్నాను. అంతలో నావైపు వంగి, "డప్పు బాగుంది. పాట ఎవరూ పాడట్లేదేంటి?" అని అడిగాడు. ఒకామె మైకులో గొంతెత్తి పాడుతోంది. ఆమె మెడ నరాలు కూడా నాకు కనపడుతున్నాయి.

"ఇప్పుడే ఆపారు" అన్నాను.

షాపులో షాపాయన నాలుగు కార్డులూ ఒకదాని తర్వాత ఒకటి బిగించి చూశాడు. అన్నయ్య అన్నిటికీ అదే మాట. "ఇదీ మింగుతోందన్నా." షాపాయన హెడ్‌ఫోన్ తన చెవులకి పెట్టుకున్నాడు. మొదటి కార్డు విన్నాడు, రెండోది విన్నాడు. తర్వాత తీసి, నాకిచ్చాడు. నేను పెట్టుకున్నాను. అన్నయ్య టైపు చేసిన మాటల్ని కంప్యూటర్ చదువుతోంది. ప్రతి స, ప్రతి ష, సూదిమొనలా గుచ్చుకుంటున్నాయి. అన్నయ్య శబ్దాన్ని ఎంత పెంచి పెట్టుకున్నాడో అప్పుడు చూశాను. ఒక్క క్షణం కూడా ఉంచుకోలేక తీసేశాను.

షాపాయన నన్ను మెట్ల మీదికి రమ్మని సైగ చేశాడు.

"చెల్లె, కార్డులు మంచిగనే ఉన్నయ్. పాతది గూడ మంచిగనే ఉన్నది. నాకు మొన్ననే డౌటొచ్చింది. ఎట్ల చెప్పాల్నో సమజ్ గాలే." ఆయన గోడవైపు చూస్తున్నాడు. "పరేషాన్ గాకుండ్రి. జర చెవుల డాక్టర్‌కి చూపించుండ్రి."

లోపలికెళ్లేసరికి అన్నయ్య పాత కార్డు చేతిలో పట్టుకుని, చిప్పు మీద బొటనవేలు రాస్తూ కూర్చున్నాడు. "ఏమంటున్నాడు? ఇంకా మంచిది దొరుకుతుందంటాడా?" అన్నాడు.

"చూద్దామన్నాడు అన్నయ్యా."

బస్సులు నడిచాక చెవుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. మామూలుగా చెవుల్లో గుబిలి చేరిందేమో చూపిద్దామని చెప్పి నాన్న ఒప్పించారు. అక్కడ అద్దం తలుపున్న ఒక చిన్న గదిలో అన్నయ్యని కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్ పెట్టి, చేతికి ఒక బటన్ ఇచ్చారు. శబ్దం వినపడగానే నొక్కమన్నారు. పరీక్ష చేసే అమ్మాయి బయట మిషన్ మీట తిప్పుతూ శబ్దాలు పంపుతోంది. నేను అద్దంలోంచి చూస్తున్నాను. మొదట్లో నొక్కాడు. తర్వాత నొక్కడం ఆగింది. ఆ అమ్మాయి మిషన్ తిప్పుతూనే ఉంది, ఇంకా తిప్పుతూనే ఉంది. అన్నయ్య నిటారుగా కూర్చుని, బటన్ మీద వేలు సిద్ధంగా పెట్టుకుని, పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకునే పిల్లాడిలా చిన్నగా నవ్వుతూ ఎదురుచూస్తున్నాడు. కాసేపటికి తనే అడిగాడు, "ఏమ్మా, ఆపేశారా? పంపించండి, నేను రెడీ."

ఆ అమ్మాయి నావైపు చూడలేకపోయింది.

కళ్లూ చెవులూ ఒకే జబ్బులో ఒకదాని వెనక ఒకటి పోవడం కొందరిలో ఉంటుందని డాక్టర్ నాన్ననీ నన్నూ విడిగా పిలిచి చెప్పాడు. ముందు సన్నటి శబ్దాలు పోతాయి, తర్వాత మిగతావి. ఎంతకాలంలో అని నాన్న అడిగితే, చెప్పలేమన్నాడు. ఆపడానికేమైనా అంటే తల అడ్డంగా ఊపాడు. నాన్న నమస్కారం పెట్టి లేచారు. ఎందుకు నమస్కారం పెట్టారో ఆయనకీ తెలియదు.

అన్నయ్యకి ఎవరు చెప్పాలన్నది మాకు తేలలేదు. ఇంటికొచ్చాక తనే అన్నాడు, "కార్డు తప్పు కాదన్నమాట."

అమ్మ అతని పక్కన కూర్చుని ఏడ్చింది. ఆ ఏడుపు అతనికి వినపడిందో లేదో నాకు తెలియదు. చేత్తో వెతికి ఆమె భుజం పట్టుకున్నాడు.

వెంటనే ఓడిపోలేదు. వినికిడి మిషన్ పెట్టించాం. అది అన్నిటినీ పెద్దది చేసింది గానీ, ఏదీ స్పష్టం చేయలేదు. ఫ్యాను, కుక్కర్, రైతుబజార్ కేకలు అన్నీ కలిసి ఒకటే హోరు. షాపాయన ఇంటికే వచ్చి, కంప్యూటర్ గొంతుని లావుగా, బొంగురుగా మార్చాడు. ఆ బొంగురు గొంతుతో అన్నయ్య కొన్నాళ్లు నెట్టుకొచ్చాడు. వేగం తగ్గించాడు. ఇంకా తగ్గించాడు. ఒకప్పుడు నాకు అర్థం కాని ఆ గడగడ ఇప్పుడు చంటిపిల్లలకి చెప్పినట్టు ఒక్కో మాట సాగదీసి చెబుతుంటే, వంటింట్లో నేను ప్రతి మాటా అర్థం చేసుకోగలిగేదాన్ని. అన్నయ్య అదే మాట మళ్లీ మళ్లీ చదివించుకునేవాడు. డాక్టర్ల గొంతులని మార్చడం మాత్రం ఎవరివల్లా కాలేదు. ఆఫీసువాళ్లు ఫైళ్లు తగ్గించి, తర్వాత పంపడం మానేశారు. బంద్‌ల వల్ల పని చెన్నైకి పోయిందని మర్యాదగా చెప్పారు. కొంత నిజమే కావచ్చు. ఆ మాట పట్టుకుని నాన్న ఉద్యమాన్ని తిట్టారు. అన్నయ్య తిట్టలేదు.

"రాష్ట్రంతో సంబంధం లేదు నాన్నా. నాకు వినపడట్లేదు," అన్నాడు, కావలసిన దానికన్నా బిగ్గరగా.

వేళ్లతో చదివే చుక్కల లిపి నేర్పించాలని నేను పట్టుబట్టాను. అన్నయ్య వేళ్లు కీబోర్డు మీద ఎంత చురుకో, ఆ చుక్కల మీద అంత మొద్దు. చిన్నప్పుడు నేర్చుకున్నవాళ్లకి వచ్చినట్టు రాలేదు. పేజీ మీద చెయ్యి పెట్టి, "ఇసక తడిమినట్టుంది" అని పక్కన పెట్టేశాడు. నేర్పడానికొచ్చిన మాష్టారు మరో రెండుసార్లు వచ్చి, తర్వాత రాలేదు. మేమూ పిలవలేదు.

రాష్ట్రం వచ్చిందని ప్రకటించిన రోజు సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ అంతా గులాల్. షాపాయన ఒంటినిండా గులాబీ రంగుతో, మిఠాయి డబ్బా పట్టుకుని మా మెట్లెక్కి వచ్చాడు. నాన్న కుర్చీలోంచి లేచి లోపలికి పిలిచారు. ఆయన నేరుగా అన్నయ్య దగ్గరికి పోయి, వంగి, చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు.

"తెలంగాణ ఒచ్చింది తమ్మీ!"

అన్నయ్య గుమ్మం వైపు తల తిప్పి, లేచి నిలబడ్డాడు. "ఎవరొచ్చారు?" అన్నాడు.

షాపాయన మళ్లీ చెప్పాడు. మూడోసారి చెప్పబోయి నావైపు చూశాడు. నేను అన్నయ్య చెయ్యి తీసుకుని అరచేతిలో వేలితో రాశాను. "ఓహో, మంచిది అన్నా. మంచిది," అని అన్నయ్య చేతులు చాచాడు. ఇద్దరూ కావలించుకున్నారు. అన్నయ్య చొక్కాకి ఆ రంగంతా అంటింది. వీధిలో టపాసులు పేలుతుంటే, "ఉరుముతోందా?" అని అడిగాడు.

ఆ తర్వాత షాపాయన షాపు ఎక్కువకాలం నడవలేదు. విడి భాగాలు కొని బిగించుకునేవాళ్లు తగ్గిపోయారు, అందరి చేతుల్లో ఫోన్లు. మెట్రో స్తంభాల కోసం రోడ్డు తవ్వినప్పుడు ఆ సందులోకి జనం రావడమే మానేశారు. ఊరికి వెళ్లి పొలం చూసుకుంటానని చెప్పడానికి ఒకసారి ఇంటికొచ్చాడు. అన్నయ్య చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చుని వెళ్లాడు.

నేను పెళ్లి చేసుకోలేదు. దాని గురించి వేరే చెప్పుకోవడానికేమీ లేదు. నాన్న పోయారు, అమ్మ మోకాళ్ల నొప్పులతో మంచం దిగదు. మేం అదే వీధిలో ఇంకో ఇంటికి మారాం. అన్నయ్యకి ఏదైనా చెప్పాలంటే అరచేతిలో ఇంగ్లిషు పెద్దక్షరాలు రాస్తాను. అతను ఒకప్పుడు చూసిన అక్షరాలు కాబట్టి అవి గుర్తుపడతాడు. మొదట్లో స్కూలు నుంచి రాగానే చెయ్యి చాచేవాడు. ఎవరు గెలిచారు, వాన పడిందా, మెట్రో ఎక్కడిదాకా వచ్చింది, అన్నీ అడిగేవాడు. నేను రాసేదాన్ని. అతను బిగ్గరగా జవాబు చెప్పేవాడు. తన గొంతు తనకి వినపడక, ఏళ్లు గడిచేకొద్దీ ఆ మాటల్లో ఎత్తుపల్లాలు పోయాయి. కొత్తవాళ్లకి ఇప్పుడు అతని మాట అర్థం కాదు. నాకు అర్థమవుతుంది, కానీ అతను మాట్లాడటమే తగ్గించేశాడు.

ఈమధ్య సాయంత్రాలు పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటే అరచెయ్యి తెరవడం లేదు. కోపం కాదు. నా వాసన పట్టి, వచ్చానని తెలిసి తల ఊపుతాడు. పిడికిలి మాత్రం అలాగే ఉంచుతాడు. ఆ పిడికిలి మీద కాసేపు చెయ్యి వేసి కూర్చుని, లేచి అన్నం పెట్టడానికి వెళ్తాను.